తలా ఒక ముక్క

బెంచీలు ఎదురెదురుగా తిప్పి, నలుగురిని కూర్చోబెట్టి, ‘చర్చించండి’ అంటే జట్టుపని అయిపోదు. చురుకైన పిల్ల రాసేస్తుంది, పక్కవాడు మార్జిన్లు గీస్తాడు, తక్కిన ఇద్దరూ కిటికీలోంచి రోడ్డు చూస్తారు. మా చిలమత్తూరు బడిలో అయినా అంతే, హైదరాబాదు కాన్వెంటులో అయినా అంతే.

దీనికి నాకు నచ్చిన మందు జిగ్సా అనే పద్ధతి. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లల్ని అప్పుడే ఒకే బడిలో కలిపారు. క్లాసులో ఎడమొహం పెడమొహం. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి పంచాడు. పక్కవాడి మాట వినకపోతే పాఠం పూర్తికాదు.

మా తొమ్మిదో తరగతికి నేను కరువునే ముక్కలు చేస్తాను. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే ఎక్కువగా కురిసి ఇటు ఎందుకు తేలిపోతాయో ఒకరికి. ఊడలు దిగే వేళ వాన లేకపోతే శెనక్కాయ ఏమవుతుందో ఒకరికి. బోర్లు ఒకరికి. శ్రీశైలం నీళ్ళను ఎత్తిపోసే హంద్రీ-నీవా ఒకరికి. ఒకే ముక్క వచ్చినవాళ్ళు అన్ని జట్ల నుంచీ ముందు ఒకచోట చేరి మాట్లాడుకుంటారు. అసలు పని అక్కడే. చదువులో వెనకబడిన పిల్లకు తన జట్టు ముందు మాట్లాడే లోపు ఒక రిహార్సలు దొరుకుతుంది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతె బోర్ల ముక్క తీసుకుని, “పక్క చేలో లోతుకు దించితే మా బోరు ఎండిపాయె సార్” అంది. భూగర్భ జలం ఉమ్మడి సొత్తని నేను అంతకంటే బాగా చెప్పలేను. గోల మాత్రం ఉంటుంది, పక్క క్లాసు మాస్టారు తొంగి చూస్తారు.

ఊళ్ళో శెనక్కాయ పీకేటప్పుడు ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి పోతారు. రానివాడి చేలోకి ఎవరూ పోరు. జట్టులోనూ ఆ లెక్క ఉండాలి.

మా దగ్గర ఇంకో చిక్కుంది. అమ్మానాన్నలు పనికని బెంగళూరు పోతే పిల్లలూ వెళ్తారు, ఆ ముక్క ఖాళీ. అందుకే ఒక్కో ముక్క ఇద్దరికి ఇస్తాను. ఇంకో మాట, లెక్కల్లో జిగ్సా అంతగా పనికిరాదు, జంటగా కూర్చోబెట్టడమే మేలు.

పాఠం చివర్లో స్లిప్ టెస్టు, నాలుగు ముక్కల మీదా, ఎవరిది వాళ్ళే రాయాలి. జట్టంతటికీ ఒకే మార్కు వేసే తోటి టీచర్లకు నా మనవి: ఆ పని మానేయండి.