అకారమున నిలిచిన విజ్ఞానసర్వస్వము

కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు (1877–1923) సంపాదకులై ప్రకటించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము మూఁడు సంపుటములతో నిలిచిపోయినది. ఆ మూఁడును అకారాది విషయములకే సరిపోయినవి. తరువాతి సంపుటమున ‘ఆంధ్ర’ శబ్దమును గూర్చి సమగ్రముగా వ్రాయవలెనని సామగ్రిని సమకూర్చుకొనుచుండఁగా, 1923 జూలై 12వ తేదిని పంతులుగారు చెన్నపురిలో దివంగతులైరి. తుదముట్టని యిట్టి గ్రంథము నేఁడు పఠింపఁదగినదా యనునది విచార్యము.

ఈ యుద్యమమునకు మూలము మునగాల. నిజాము రాజ్యము నడుమ ద్వీపమువలె నుండి, చెన్నపురి రాజధానిలోని కృష్ణామండలమునకుఁ జేరిన యా సంస్థానమునకు నాయని వెంకటరంగారావుగారు ప్రభువులు, పంతులుగారు దివానులు. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమునకును, 1906లో నేర్పడిన విజ్ఞానచంద్రికామండలికిని ఈ యిరువురి తోడ్పాటు ముఖ్యము. సర్వస్వరచనమున గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ, రాయప్రోలు సుబ్బారావు, ఆచంట లక్ష్మీపతి ప్రభృతులు పంతులుగారికి సహాయులైరి.

దీనిని కోశముగా నుపయోగింపఁబూనువారికి ఆశాభంగము తప్పదు. కకారాది విషయ మొక్కటియు నిందు దొరకదు. ఈ లోపము కేవలము దైవకృతమని చెప్పుటకు వీలులేదు. అకారాదిక్రమము నవలంబించుటయు, ఒక్కొక్క విషయమునకు గ్రంథమువంటి వ్యాసమును వ్రాయఁబూనుటయు పరస్పరవిరుద్ధములు. మొదటిది సంక్షేపము నపేక్షించును; రెండవది కాలమును మ్రింగును. ఒక్క యక్షరమునకే మూఁడు సంపుటములు పట్టినపుడు తక్కిన వర్ణమాలకు పురుషాయుషము చాలదు. దీనిని కప్పిపుచ్చుట భక్తి యగునేమో కాని విమర్శ కాదు.

జర్మనీలో గ్రిమ్ సోదరుల నిఘంటువునకును ఇట్టి యవస్థయే కలిగెను. యాకోబు గ్రిమ్ 1863లో ఫలవాచకమైన ‘ఫ్రుఖ్ట్’ అను పదమువద్ద మరణింపఁగా, ఆ గ్రంథము 1961లోఁగాని ముగియలేదు. అచ్చట పండితులు తరతరములుగా ఆ భారమును మోసిరి. ఇచ్చట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సర్వస్వమును పునరుద్ధరింపఁబూని కొన్ని సంపుటములను వెలువరించిరి. 1938లో ఆయనయు గతించుటతో ఆ యత్నమును నిలిచెను. 1947లో స్థాపింపఁబడిన తెలుఁగు భాషాసమితి తన విజ్ఞానసర్వస్వమును విషయానుసారముగా విభజించుటచేత ఈ చిక్కు తొలఁగినది. ఏ సంపుటమునకు ఆ సంపుటమే పూర్ణము.

అయినను ప్రథమయత్నము త్యాజ్యము కాదు. నన్నయభట్టు భారతమును అరణ్యపర్వమధ్యమున విడిచినంతమాత్రమున ఆదిసభాపర్వములను ఎవ్వరును త్యజింపలేదు. కావ్యభాగము తనంత రసము నీయఁగలదు, కోశభాగ మట్లు కాదని యాక్షేపింపవచ్చును. అది యుక్తమే. కాని యిందలి వ్యాసములు కోశఖండములు కావు. అథర్వవేదము, అద్వైతము, అలంకారములు, అష్టాధ్యాయి మున్నగువానినిగూర్చిన వ్యాసములు వేఱువేఱుగఁ జదువఁదగిన ప్రబంధములు. ముందువెనుకల వ్యాసములతో వానికిఁ బనిలేదు. వ్యాసములలోఁ బెక్కింటిని పంతులుగారే స్వయముగా రచించిరి. ఏ విస్తరము గ్రంథమును ముగియనీయలేదో ఆ విస్తరమే వ్యాసములను పఠనీయములుగఁ జేసినది. సంక్షేపించియుండినచో గ్రంథము ముగిసియుండునేమో. కాని ముగిసిన యా గ్రంథమును వెదకుటకే తప్ప చదువుటకుఁ దెఱచువా రుండకపోవుదురు.

పఠించునపుడు జాగరూకత యావశ్యకము. నూఱేండ్లలో ప్రకృతిశాస్త్రములు మిక్కిలి మాఱినవి కాఁబట్టి ఆ వ్యాసములను ప్రమాణముగాఁ గొనరాదు. చరిత్రవ్యాసములను తరువాత బయల్పడిన శాసనములతో సరిచూచుకొనవలెను. కాని నూతనశాస్త్రమును తెలుఁగున నెట్లు చెప్పవచ్చునో తెలిసికొనఁగోరువారికి కాలముచెల్లిన వ్యాసములును పనికివచ్చును. ఉపాధ్యాయునకు నిత్యమును తటస్థించు చిక్కు అదియే కదా.

కావున పాఠశాలాపండితులు దీనిని కోశముల బీరువాలోఁ గాక వ్యాసగ్రంథముల నడుమ నుంచుట మేలు. సర్వస్వమను పేరు దీనికి సార్థకము కాలేదు; ఉన్నంతవఱకు విజ్ఞానమను పేరు మాత్రము సార్థకమైనది.