బహిష్టు పరిశుభ్రత: కొలమానములోని లోపము

కొలుచుటకు ముందు ఏమి కొలువవలెనో నిశ్చయించుకొనుట శాస్త్రమున మొదటి పాఠము. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే బహిష్టు పరిశుభ్రతను కొలిచిన తీరు ఈ దృష్టితో పరిశీలింపదగినది. 15–24 సంవత్సరముల స్త్రీలలో పరిశుభ్రమైన పద్ధతిని అనుసరించువారు దేశమున 77.3 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 85.1 శాతమని అది తెలిపినది. 2015–16 సర్వేలో దేశపు అంకె 57.6. ఇది మెచ్చదగిన అభివృద్ధియే. కాని పరిశుభ్రమైన పద్ధతి యనగానేమి? శానిటరీ న్యాప్‌కిన్, స్థానికముగా తయారైన న్యాప్‌కిన్, టాంపాన్, కప్పు — వీనిలో ఏది వాడినను పరిశుభ్రమే. గుడ్డ మాత్రమే వాడినచో కాదు.

బహిష్టు రక్తము చెడురక్తము కాదు. గర్భము రానప్పుడు గర్భాశయపు లోపలి పొర రక్తముతో కలిసి వెలువడుటయే బహిష్టు. సామాన్యముగా పోవు రక్తము 30–40 మిల్లీలీటర్లు. తడి, వెచ్చదనము చాలసేపు నిలిచినచోట సూక్ష్మజీవులు పెరుగును. కావున సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేసి, వేళకు మార్చిన నూలుగుడ్డ సురక్షితమే. ఉదయము పెట్టుకొని రాత్రివరకు మార్చని ప్యాడ్ వలన చర్మము ఒరిసి పుండ్లు పడవచ్చును. సర్వే లెక్కలో మొదటిది తప్పు, రెండవది ఒప్పు!

నెల్లూరు జిల్లా పశ్చిమమునగల ఉదయగిరి, ఆత్మకూరు మెట్టగ్రామములను తలచుకొన్నచో ఈ లోపము తేటపడును. అచట ఎండకు కొదువ లేదు. ఎండలోని వేడి, అతినీలలోహిత కిరణములు ఖర్చులేకుండ క్రిములను చాలవరకు చంపును. కాని మగవారి కంటబడునన్న సిగ్గుతో ముట్టుగుడ్డను చూరుక్రింద, మరొక బట్ట చాటున ఆరవేసినచో ఆ ఎండ నిష్ప్రయోజనము. నీటికి కరవైన వేసవిలో ఉతుకుటకు మిగులునది ఎంత? వాడిన ప్యాడ్‌ను పారవేయుటకు చోటేది? ఇవేవియు ఆ శాతములో కనబడవు.

2021 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ‘స్వేచ్ఛ’ పథకమును ఆరంభించి, 7 నుండి 12వ తరగతి వరకు బాలికలకు నెలకు 10 న్యాప్‌కిన్ల చొప్పున ఉచితముగా ఇయ్య నిశ్చయించినది. వస్తువు అవసరమే. కాని బడి మానిన కూతురికి, పొలము పోవు తల్లికి జ్ఞానము కూడ చేరవలెను. ఉదయగిరి ప్రాంతమున కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో కూడి మాట్లాడుకొనియే 1992 నాటి సారా వ్యతిరేకోద్యమమునకు నాంది పలికిరి. ఇంటిగుట్టైన బాధను నలుగురిలో చెప్పుకొనగలిగిన గడ్డ అది.

కావున సర్వేలు ‘ఏమి వాడితిరి?’ అను ప్రశ్నతో ఆగక, ఎప్పుడు మార్చితిరి, ఎట్లు ఉతికితిరి, ఎచట ఆరవేసితిరి అని కూడ అడిగి లెక్కింపవలెను. ఉపాధ్యాయులు ప్రత్యుత్పత్తి పాఠమును ‘ఇంట చదువుకొనుడు’ అని దాటవేయరాదు. బాలురును వినవలెను. దండెముమీది గుడ్డను చూచి నవ్వని తమ్ముడున్న ఇంటనే అక్క దానిని ఎండలో ఆరవేయగలదు.