ఆరో సెక్టర్‌లో వెదురు చుక్క

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే, భిలాయి సెక్టర్ 6లోని మా క్వార్టర్ వరండాలో నాన్న క్రిస్మస్ చుక్క కోసం వెదురు చీల్చేవాడు. పగలంతా ఇనుముతో పనిచేసిన చేతులు సాయంత్రం గాజుపెంకుతో బద్దల పీచు గీకి నునుపు చేసేవి. పచ్చి వెదురైతే ఎండేకొద్దీ వంకర తిరిగి కాగితాన్ని ముడతలు పెడుతుంది. మరీ ఎండిందైతే వంచగానే విరుగుతుంది. రెండింటి మధ్య అదునుది చూసి తెచ్చేవాడు.

ఒకే కొలత బద్దలు పది కావాలి. మీటరు బద్ద అనుకుంటే రెండు కొసల నుంచీ 38 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టాలి, నడుమ 24 మిగులుతుంది. అయిదు బద్దలను ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా అల్లి, ఆ గుర్తుల దగ్గరే దాటేలా కొసలు కడితే అయిదు కొమ్ముల చుక్క. కొలత తప్పితే ఒక కొమ్ము పొడుగు, ఒకటి పొట్టి. ఇలాంటివి రెండు చేసి, అయిదు కొసలూ జోడించి బిగించాలి. కిటుకంతా ఆ తర్వాతే. లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్లా రెండు చట్రాల మధ్య జానెడు ఊతపుల్లలు నిలబెడితే చుక్క పొట్ట ఉబ్బుతుంది. బల్బు వేడి కాగితానికి తగలనంత చోటు దొరుకుతుంది. పైన గాలిపటం కాగితం, ఉడికించిన మైదా జిగురు. బల్బు మార్చడానికి వెనకవైపు ఒక్క రెక్క అంటించకుండా వదిలేస్తారు.

జర్మనీలో మొరేవియన్ క్రైస్తవుల బడిలో కూడా 1830లలో ఇలాంటి కాగితపు నక్షత్రం పుట్టింది, పిల్లలకు క్షేత్రగణితం నేర్పడానికి. చుక్క వెనక లెక్క ఉంటుందని మా నాన్నకు ఆ బడి సంగతి తెలియకుండానే తెలుసు.

ఆ చుక్క వెలిగే తేదీ వెనకా లెక్కే ఉంది. యేసు ఏ రోజున పుట్టాడో బైబిలు చెప్పదు. డిసెంబరు 25 అన్న మాట 354లో రోములో కూర్చిన ఒక పంచాంగంలో కనిపిస్తుంది. అందులోని జాబితా 336 నాటిదని పండితుల అంచనా. అదే పంచాంగంలో అదే తేదీకి రోమన్ల అజేయ సూర్యుడి పుట్టినరోజు కూడా రాసి ఉంది. ఆ సూర్యుడికి ఆరేలియన్ చక్రవర్తి 274లో గుడి కట్టించాడు. అందుకే సూర్యుడి పండగనే క్రైస్తవులు తీసుకున్నారని కొందరంటారు. యేసు మార్చి 25న గర్భంలో పడ్డాడని నమ్మి, తొమ్మిది నెలలు కూడి ఈ తేదీకి వచ్చారని మరికొందరి వాదం. రెండు పుట్టినరోజులూ ఒకే పుస్తకంలో ఉన్నప్పుడు, ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారో తేల్చడం నా దృష్టిలో అంత ముఖ్యం కాదు. జూలియస్ సీజర్ నాటి పంచాంగంలో ఆ రోజు సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజు. రాత్రి తరిగి పగలు పెరగడం మొదలయ్యే రోజున వెలుగు పుట్టిందనడంలో ఎంత అందముంది!

ఇది తెలుగువాళ్లకు కొత్త మాటా? మన ఉత్తరాయణం అదే కదా. సుమారు 1,700 ఏళ్ల కిందట మకర సంక్రాంతి కూడా సూర్యుడు మళ్లే రోజునే వచ్చేది. నక్షత్రాలను బట్టి లెక్కించే మన పంచాంగంలో అది జరిగి జరిగి జనవరి 14కు చేరింది. రోమన్ పంచాంగంలోనూ అయనం రోజు క్రిస్మస్ తేదీ నుంచి పక్కకు జరిగింది. మా ఊరి ఉక్కు కార్ఖానాకు 1955లో ఒప్పందం చేసుకుని వచ్చిన సోవియట్ వాళ్లలో రష్యన్ల చర్చి ఇప్పటికీ పాత జూలియన్ లెక్కనే జనవరి 7న క్రిస్మస్ చేస్తుంది. ఒకే సూర్యుడి మలుపును తలా ఒక తేదీన తలుచుకుంటున్నాం.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొలిమి పనికి వచ్చిన మావాళ్లు పెట్టెల్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెచ్చుకున్నారు. కీర్తనల మీద రాగం, తాళం అచ్చై ఉండేవి. వాటిలో ఎన్నో 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పుచ్చుకున్న పురుషోత్తమ చౌదరివి. పల్లవి, అనుపల్లవి, చరణాల కట్టుబాటు తెలిసిన చేయి ఆయనది. కరోల్ అన్న మాటకు పాత ఫ్రెంచిలో అర్థం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట. మావాళ్లు డోలక్, తాళాలు పట్టుకుని గుమ్మం ముందు చుట్టూ నిలబడి పాడితే ఆ పాత అర్థమే తిరిగి వచ్చినట్టుండేది.

జామా మసీదు, గురుద్వారా ఉన్న మా సెక్టర్‌లో ఆ బృందం రాత్రి పదింటి తర్వాత బయల్దేరేది, రెండో షిఫ్ట్ దిగినవాళ్లూ కలవాలి కదా. “వందనాలండీ” అని తలుపు తట్టేవాళ్లు. ముందు చుక్కను కర్రకు కట్టి మోసే కుర్రాడు, వెనక పాట. అవతల ధనుర్మాసం నడుస్తుండేది. చలికి దుప్పటి కప్పుకుని వచ్చిన పక్కింటి అత్తయ్య పాట అయ్యేదాకా నిలబడి, పిల్లల చేతుల్లో గులాబీ పువ్వులు, అరిసెలు పెట్టేది. తెల్లారి ఆవిడ వాకిట్లో ముగ్గు, మా వాకిట్లో చుక్కల ముగ్గు, రెండూ ఒకే డబ్బాలోని పిండితో.

సంక్రాంతి దాకా చుక్క దించేవాళ్లం కాదు. అప్పటికి మంచుకు తడిసి కాగితం చిరిగేది. పక్కింటివాళ్ల భోగి మంటకు మా ఇంట్లోని పాత చెక్కంతా ఇచ్చేవాళ్లం. ఆ పది బద్దలు మాత్రం అమ్మ తాడుతో కట్ట కట్టి అటక ఎక్కించేది.