పచ్చ మరక చదివేవాళ్లు

పల్నాడు జిల్లా వినుకొండ దగ్గరి అగ్నిగుండాల కొండల్లో దారిన పోయేవాళ్లకు కనిపించేవి ఉత్త రాళ్లే. జియాలజిస్టు మాత్రం సుత్తితో అంచు కొట్టి, విరిగిన ముఖాన్ని నీళ్లతో తడిపి, భూతద్దం పెట్టి చూస్తాడు. పైన పచ్చగా పాచిలా అంటుకున్నది మాలకైట్ అనే రాగి ఖనిజం. లోపల ఇత్తడి రంగులో మెరిసేది చాల్కోపైరైట్: రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. గాలికీ వాననీటికీ అది మారితేనే పైకి ఆ పచ్చదనం వస్తుంది.

పచ్చ కనబడగానే గని దొరికినట్టు కాదు. మరక వెంట నడవాలి, పొరల వాలు కొలవాలి, పటం గీయాలి. డ్రిల్లింగ్ ఆ తర్వాతే. ఈ ప్రాంతంలోని నల్లకొండలో రాగి, బండలమొట్టులో సీసం, ధూకొండలో రెండూ ఉన్నాయని తేలింది ఇలాంటి ఓపిక వల్లే. ఎండలో తిరిగి తిరిగి చివరికి ‘ఇక్కడ గిట్టుబాటు కాదు’ అని నిజం రాసినవాడికీ అంతే మర్యాద దక్కాలి. వృథా తవ్వకాన్ని ఆపేది ఆ ఒక్క వాక్యమే.