కేబిన్ కనిపించని జ్ఞాపకాలు

పాత సినిమా హాళ్ల గురించి మనవాళ్లు ఈమధ్య విరివిగా రాస్తున్నారు. చిన్న ఊళ్లలోని హాళ్లు ఒకటొకటిగా మూతపడి కల్యాణ మండపాలుగా, గోదాములుగా మారుతున్న కాలంలో ఇది సహజమే. అయితే వీటిలో ఎక్కువ రచనలు ఒకే చోట కూర్చుని రాసినవి. రచయిత నేల టికెట్టు కొంటాడు, ఈల వేస్తాడు, ఇంటర్వెల్‌లో గోలీసోడా తాగుతాడు, చాలా ఏళ్ల తరువాత కళ్లు తుడుచుకుంటాడు. తెర మీద బొమ్మ పడడానికి వెనకాల ఎవరు నిలబడ్డారో ఆయనకు పట్టదు. ఇది శిల్పలోపం కాదు, దృక్పథ లోపం.

ఈ మాట ఎవరినో ఉద్దేశించి అంటున్నది కాదు. మొదటి ముద్దాయిని నేనే.

1997 వేసవిలో, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, మా ఊరి హాల్లో రెండు నెలలు పనిచేశాను. ఆపరేటర్‌ను బాబాయి అనేవాణ్ణి. ఆడిన రీలును తిరగచుట్టడం, తెగిన ఫిలిం అంచులు గీకి అతకడం, బస్సులో వచ్చిన బాక్సును కేబిన్‌కు మోయడం నా పనులు. అవి కార్బన్ ప్రొజెక్టర్లు. రెండు కార్బన్ కడ్డీల కొసల మధ్య మండే జ్వాలే తెర మీది వెలుతురు. కడ్డీలు కాలి అరుగుతున్నకొద్దీ వాటి ఎడం సరిచేస్తూ ఉండాలి. ఏమరితే బొమ్మ మసకబారుతుంది, నేల నుంచి కేకలు లేస్తాయి. 2,000 అడుగుల చుట్ట సుమారు 22 నిమిషాల్లో అయిపోతుంది. తెర కుడివైపు పైమూల చుక్క మెరవగానే రెండో మిషన్ అందుకోవాలి. ఆ మార్పు ప్రేక్షకుడికి తెలియకపోవడమే ఆపరేటర్ పనితనం. మే నెల ఎండలో, ఆ పొగలో, రోజుకు నాలుగు ఆటలు.

ఎమ్మే చదివి, బడిపంతుల్నయి, 2014లో ఒక సాహిత్య సభలో ఆ హాలు మీద వ్యాసం చదివాను. కులమూ వర్గమూ చీకట్లో కరిగిపోయే చోటని రాశాను. చప్పట్లు బాగానే పడ్డాయి. సభకు వచ్చిన బాబాయి తరువాత టీ కొట్టు దగ్గర అన్నాడు: "బాగుంది అబ్బాయీ. కూర్చున్న కథ చెప్పావు. నుంచున్న కథ ఎందుకు చెప్పలా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే నా వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదనే నిలవలేదు. తెర ఒకటే, నిజం. కాని నేలవాళ్ల దారి పక్క సందులోంచి, ఇనప కటకటాల నడుమ. బాల్కనీవాళ్ల దారి ముందు మెట్ల మీదుగా. కరిగిపోయిందని నేను రాసిన వర్గం టికెట్టు రంగులోనే అచ్చయి ఉండేది.

ఇక పనివాళ్ల సంగతి. 1981లో పార్లమెంటు సినీ కార్మికుల, సినిమా థియేటర్ కార్మికుల కోసం ఒక చట్టం చేసింది. ఐదుగురు, అంతకు మించి పనిచేసే హాళ్లకు ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ చట్టాలను వర్తింపజేసింది. మా హాల్లో ఆపరేటర్, సహాయకుడు, బుకింగ్ గుమాస్తా, ఇద్దరు గేట్‌కీపర్లు, హాలు ఊడ్చే ఆమె, మొత్తం ఆరుగురం. రిజిస్టరులో నలుగురే. 2011లో డిజిటల్ వచ్చి రీళ్లు పోయాక, 22 ఏళ్లు నుంచున్న మనిషిని ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపేశారు. నా వ్యాసంలో గోలీసోడా చప్పుడుకు ఒక పేరా ఉంది. దీనికి ఒక్క వాక్యం లేదు.

ఇటలీ దర్శకుడు జుసెప్పె తోర్నతోరె 1988లో తీసిన 'సినిమా పారడీసో'ను ఇలాంటి జ్ఞాపకాలకు ఆదర్శంగా చెబుతుంటారు. అందరూ తలుచుకునేది చివర్లో వచ్చే ముద్దుల రీలునే. కాని ఆపరేటర్ అల్ఫ్రెదో ఈ పని వద్దని పిల్లవాడికి నచ్చజెప్పేదీ ఆ సినిమాలోనే. ఒంటరితనం, ఒకే బొమ్మను పదే పదే చూడడం, పండగపూట కూడా సెలవు లేకపోవడం. అతని కళ్లు పోయేది కేబిన్ మంటల్లోనే. ఎంత తీపి ఉన్నా ఆ సినిమా కేబిన్‌ను దాచలేదు. మనం తీపిని మాత్రమే తెచ్చుకున్నాం.

అలాగని యజమాని దుర్మార్గుడు, ఆపరేటర్ దీనుడు అని గీత గీసి రాసినా సత్యం దక్కదు. బాబాయికి తన పనంటే గర్వం. ఒక్క చేంజోవర్ కూడా జనానికి తెలియనివ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆయనకు ఆ గర్వం ఇచ్చిందీ, ఆయన ఒంటిని పిండిందీ ఆ కేబినే. ఈ రెండింటినీ విడదీయకుండా చూపించే రచన మనకు కావాలి.

నా పాత వ్యాసాన్ని తిరగరాస్తున్నాను. రిజిస్టరుకెక్కని ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండో మనిషి ఊడ్చే ఆమె. రెండు నెలలు ఆమె తెచ్చిన కుండలో నీళ్లు తాగాను. ఆమె పేరు నాకు గుర్తు లేదు. ముందు అది కనుక్కోవాలి.