పట్టూ విడుపూ

ఆదివారం పొద్దున మా న్యూజెర్సీ ఇంట్లో అట్లు పోసే పని నాది. పెనం టెనెసీలో పోతపోసిన లాడ్జ్ ఇనుప పెనం. కాలాక నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తాను. చుయ్‌మని ఇగిరిపోతే సరే. ముత్యాల్లా ముడుచుకుని పరిగెత్తాయంటే మంట ఎక్కువైనట్టు, తగ్గిస్తాను. నూనెలో అద్దిన సగం ఉల్లిపాయతో రుద్ది, పిండి వేసి గరిటె తిప్పుతాను.

నూనె ఒకింత ఎక్కువైందా, పిండి పెనాన్ని పట్టుకోదు, ముద్దగా గరిటె వెంటే వచ్చేస్తుంది. నాన్‌స్టిక్ పెనం మీద నాకు ఎప్పుడూ ఇదే ఇబ్బంది. నూనె బొత్తిగా లేకపోతే అట్టు లేవదు, అట్లకాడకు చిరిగి వస్తుంది. పరిచేటప్పుడు పట్టుకోవాలి, కాలాక వదిలేయాలి. ఇనుముకీ పిండికీ నడుమ ఉన్న పల్చటి నూనె పొరే ఆ రెండూ చేయాలి.

ఇలాంటి హద్దుల్ని ఉష్ణగతిక శాస్త్రం లెక్కలోకి తెచ్చినవారు యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జోసయ్య విల్లార్డ్ గిబ్స్. 1875-78 మధ్య కనెటికట్ అకాడమీ పత్రికలో అచ్చయిన సుదీర్ఘ వ్యాసంలో ఆయన తేల్చింది ఇది: రెండు పదార్థాలు కలిసేచోటు ఉత్త గీత కాదు, దానికి సొంత శక్తి ఉంది. నీటి తలతన్యత ఆ శక్తే. దాన్ని తగ్గించే పదార్థం ఏదైనా ఆ హద్దు దగ్గరికే వచ్చి పోగవుతుంది. సబ్బు నీటి పైకి చేరేది అందుకే.

నాకు అంతకన్నా ఇష్టమైనది కాథరిన్ బ్లాడ్జెట్ చేతిపని. షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో, 1932లో నోబెల్ అందుకున్న లాంగ్‌మ్యూర్ దగ్గర ఆమె పనిచేశారు. నీటి మీద ఒక్క అణువు మందాన తేలే పొరను గాజుపలకకు ఎక్కించడం ఆమె విద్య. ముంచడం, తీయడం, మళ్లీ ముంచడం. 1938లో అలా 44 పొరలు ఎక్కించి, వెలుగు తిరిగి మెరవని గాజును చూపించారు.

కొత్త ఇనుప పెనానికీ నూనె పూతలు అలాగే పల్చగా, ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి. నా మొదటి పెనానికి ఆ ఓపిక పెట్టలేదు. ఒకేసారి దండిగా నూనె పూసి ఓవెన్‌లో పెట్టాను. బంకలా జిగటకట్టింది. గీకి, కడిగి, మళ్లీ మొదలుపెట్టాను. ఆరో పూతకి నల్లగా, నున్నగా తేరింది.

కొత్త పెనం కొన్నవాళ్లకి ఒక్క మాట. నూనె రాశాక పొడిబట్టతో మొత్తం తుడిచేయండి, రాసిన గుర్తే మిగలనంతగా. ఓవెన్‌లో గంటసేపు కాల్చి, చల్లారాక మళ్లీ రాయండి.