స్పీకర్ వెనక పనివాడు

నిజామాబాద్ హాస్టల్ గదిలో ఓ లినక్స్ కంప్యూటర్. ఒక విండోలో పాట, ఇంకో విండోలో పాఠం. ఇంతలో బోధన్ చెరకు చేను గట్టు మీంచి బాపు వీడియో కాల్. మూడు శబ్దాలకూ ఉన్నది ఒకటే స్పీకర్.

వాటిని కలిపి సౌండ్ కార్డుకు అందించడమే పల్స్‌ఆడియో పని. ప్రోగ్రామర్ లెనార్ట్ పొయెటరింగ్ దీన్ని 2004లో మొదలుపెట్టారు. పాట వాల్యూమ్ ఒక్కటే తగ్గించవచ్చు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఎంచుకుంటే, పాట ఆగకుండానే అందులోకి మారుతుంది.

మన దేశపు ప్రోగ్రామర్ అరుణ్ రాఘవన్ దీన్ని ఏళ్లతరబడి చూసుకున్నారు. కాల్‌లో అవతలివాళ్ల గొంతు వాళ్లకే తిరిగి వినిపించకుండా ఆపే ఏర్పాటులో ఆయన చేయి ఉంది.

2021లో ఫెడోరా 34 అనే లినక్స్ పల్స్‌ఆడియో బదులు, అదే పని చేసే పైప్‌వైర్‌కు మారింది. పాత ప్రోగ్రాములు ఇప్పటికీ పల్స్‌ఆడియో పద్ధతిలోనే అడుగుతాయి, పైప్‌వైర్ ఆ పద్ధతిలోనే బదులిస్తుంది.